వారసత్వం యూరప్ సొత్తేనా?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో విదేశీ ప్రయాణాల మీద వచ్చిన వ్యాసం చదివాను. అమెరికాలో మాల్స్ తప్ప చూడ్డానికి చరిత్ర ఏమీ ఉండదని, పూర్వీకుల సంప్రదాయం, సంస్కృతి చూడాలంటే యూరప్‌కే వెళ్లాలని రాశారు. ఈ మాట కొత్తదేం కాదు. పిల్లల్ని చూడ్డానికి విదేశాలు వెళ్లొచ్చిన మా వయసు వాళ్లు నలుగురు చేరితే వినిపించే మాటే. మా అమ్మాయి పెన్సిల్వేనియాలో ఉంటుంది, మా అబ్బాయి జర్మనీలో ఔగ్స్‌బర్గ్ దగ్గర ఉంటాడు కాబట్టి నేను రెండు చోట్లా నెలల తరబడి ఉన్నాను, పైగా హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనదాన్ని, ఎక్కడికెళ్లినా ప్రతి బోర్డూ చదవడం, కనిపించినవాళ్లను అడగడం నాకు అలవాటు. నేను చూసినదాన్ని బట్టి ఆ మాట అన్యాయం. యూరప్‌లో వారసత్వం ఊరిని పట్టుకుని ఉంటుంది, దాని బాగోగులు ప్రభుత్వమో చర్చో ట్రస్టో చూసుకుంటాయి. అమెరికాలో ఎక్కువమంది ఊరు వదిలి వచ్చినవాళ్లే, అందుకే అక్కడ అది మనిషి వెంట తిరుగుతుంది, ఎవరి పూర్వీకుల్ని వాళ్లే వెతుక్కోవాలి. పిల్లల్ని బయటికి పంపిన తెలుగు వాళ్లు ఈ తేడా తెలుసుకోవడం చాలా అవసరమని నా నమ్మకం, అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

యూరప్ గొప్పతనాన్ని నేను తగ్గించడం లేదు. ఔగ్స్‌బర్గ్‌లో ఫుగ్గెరై అని ఒక చిన్న పేట ఉంది. యాకోబ్ ఫుగ్గర్ అనే వ్యాపారి, ఆ రోజుల్లో చక్రవర్తులకే అప్పులిచ్చినవాడు, పేదల కోసం కట్టించి 1521లో రాసిచ్చాడు. పసుపు గోడలు, ఆకుపచ్చ కిటికీ తలుపులు, వరుసగా రెండంతస్తుల ఇళ్లు. ఇప్పటికీ సుమారు 150 మంది అందులో ఉంటున్నారు. అద్దె 88 యూరో సెంట్లు, అదీ నెలకు కాదు, ఏడాదికి. అంటే మన వంద రూపాయల లోపే. అప్పట్లో ఒక రైన్ గిల్డర్, అంటే ఆనాటి నాణెం, అని రాసుకున్నారు, ఈరోజుకీ అదే లెక్క నడుస్తోంది. ఉండేవాళ్లు రోజూ మూడు ప్రార్థనలు కట్టించినాయన కుటుంబం పేరు మీద చేయాలి. రాత్రి పదింటికి గేటు వేసేస్తారు, ఆలస్యంగా వస్తే కాపలా ఆయనకు యాభై సెంట్లు ఇచ్చుకోవాలి. తలుపుల పక్కన గంట లాగే ఇనప పిడులు ఉంటాయి, ఒకటి ఆకులా, ఒకటి కాయలా, ఏ రెండూ ఒకేలా ఉండవు. వీధి దీపాలు లేని కాలంలో చీకట్లో చేత్తో తడిమి ఎవరిల్లు వాళ్లు గుర్తుపట్టడానికట. 1944 ఫిబ్రవరిలో బాంబులు పడి ఈ పేటలో ఎక్కువ భాగం కూలిపోతే మళ్లీ అలాగే కట్టుకున్నారు. ఒక మనిషి రాసిచ్చిన మాటను ఐదు వందల ఏళ్లు, యుద్ధాలు వచ్చినా ప్రభుత్వాలు మారినా, నిలబెట్టుకున్నారు చూడండి, దానికి నేను చేతులెత్తి దండం పెడతాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. యూరప్‌లో మనం పాతవి అనుకుని ఫోటోలు దిగేవాటిలో కొన్ని మన కళ్ల ముందు కట్టినవే. వార్సా పాత పట్టణాన్ని 1944లో నాజీలు నేలమట్టం చేశారు, పద్దెనిమిదో శతాబ్దంలో బెల్లొట్టో అనే చిత్రకారుడు గీసిన బొమ్మలు ముందు పెట్టుకుని పోలండ్ జనం దాన్ని తిరిగి లేపారు, 1980లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. డ్రెస్డెన్‌లో ఫ్రావెన్‌కిర్షె చర్చి 1945 బాంబు దాడిలో కూలి నలభై ఏళ్లకు పైగా రాళ్ల గుట్టగా ఊరి నడిమధ్యన పడి ఉంది. రెండు జర్మనీలు కలిశాక 1994లో మొదలుపెట్టి 2005లో పూర్తి చేశారు, ఖర్చులో పెద్ద భాగం విరాళాలే. గుట్టలోంచి తీసిన పాత రాళ్లను కొలిచి, ఏది ఎక్కడ ఉండేదో తేల్చుకుని, కుదిరినన్నింటిని అక్కడే పేర్చారు. అందుకే లేత రంగు గోడలో అక్కడక్కడా నల్లటి రాళ్లు కనిపిస్తాయి, దగ్గరికెళ్తే పాత రాయి అంచు అరిగి ఉంటుంది, దాన్ని ఆనుకుని ఉన్న కొత్త రాయి పదునుగా ఉంటుంది. గోపురం మీది శిలువను తయారుచేసిన లండన్ కంసాలి తండ్రి ఆ రోజు బాంబులు వేసిన బ్రిటిష్ పైలట్లలో ఒకడు. పారిస్ నోత్రదామ్ 2019 ఏప్రిల్‌లో కాలిపోతే ఐదేళ్లలో పైకప్పు దూలాలతో సహా పాత పద్ధతిలో చెక్కి 2024 డిసెంబర్‌లో తెరిచారు. కాబట్టి వయసు ఒక్కటే చాలదు. పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవాలన్న పట్టుదల ఉండాలి, డబ్బు ఉండాలి, ముందు తరం వాళ్లు గీసి పెట్టినవో రాసి పెట్టినవో ఉండాలి.

ఇన్ని చూసినా జర్మనీలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఒక శ్మశానవాటిక. మా అబ్బాయి ఇంటి దగ్గర అది తోటలా ఉంటుంది, సాయంత్రాలు ముసలివాళ్లు నీళ్ల డబ్బాలు పట్టుకుని వచ్చి సమాధుల మీది పూలమొక్కలకు నీళ్లు పోసి వెళ్తారు. ఒక రాయి మీద చిన్న స్టిక్కర్ అంటించి ఉంది. మా కోడలు చదివి చెప్పింది, ఈ సమాధి తాలూకు వాళ్లు ఎవరైనా ఉంటే ఆఫీసులో కలవమని. నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత తెలిసిందేమంటే, అక్కడ సమాధి చోటు శాశ్వతం కాదు. ప్రాంతాన్ని బట్టి ఇరవై, ముప్పై ఏళ్ల గడువు ఉంటుంది, మళ్లీ డబ్బు కట్టి పొడిగించుకునేవాళ్లు లేకపోతే రాయి తీసేసి ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు. ఐదు వందల ఏళ్ల నాటి అద్దె ఒప్పందాన్ని కాపాడే దేశంలో తాత సమాధి రాయి ముప్పై ఏళ్లకు పోతుంది! అయినా అక్కడివాళ్లు దానికి పెద్దగా బాధపడరు. ఆ తాత పేరు చర్చి పుస్తకంలో ఉంటుంది కదా. ఇంగ్లండ్‌లో 1538 నుంచి, కాథలిక్ దేశాల్లో 1563లో ట్రెంట్‌లో జరిగిన చర్చి పెద్దల సభ ఆదేశించినప్పటి నుంచి, ప్రతి బాప్తిస్మం, ప్రతి పెళ్లీ చర్చి రిజిస్టర్‌లో రాయడం మొదలైంది. రాయి పోయినా కాగితం ఉంది, కాగితం చూసుకునే మనిషి ఊళ్లో ఉన్నాడు, ఇక మనవడు దిగులు పడాల్సిన పని లేదు.

అమెరికాలో అలా కాదు. పెన్సిల్వేనియాలో మా అమ్మాయి వాళ్ల వైపు పాత చర్చిల వెనక చిన్న చిన్న శ్మశానాలు ఉంటాయి. అక్కడ చోటు కొంటే మామూలుగా అది ఎప్పటికీ వాళ్లదే. 1700ల నాటి రాళ్లు కూడా ఒరిగిపోయి, నాచు పట్టి, అలాగే ఉన్నాయి. ముందు వరుసల్లోవి జర్మన్‌లో చెక్కినవి. పుట్టిన ఊరు, ఎవరిని పెళ్లాడాడు, ఎంతమంది పిల్లలు, ఎన్నేళ్లు ఎన్ని నెలలు బతికాడు, అన్నీ రాసి ఉంటాయి. కొంచెం వెనక్కి నడిస్తే ఇంగ్లిష్ మొదలవుతుంది, వివరాలు తగ్గిపోతాయి, ఇంటిపేరు స్పెల్లింగ్ కూడా మారిపోతుంది. మ్యుల్లర్ మనవలు మిల్లర్ అవుతారు. ఇదంతా వాళ్లు ఇష్టపడి చేసుకున్నది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ మాట వినిపిస్తే చాలు దేశద్రోహం అన్నట్టు చూశారు. 1918లో అయోవా గవర్నర్ బహిరంగ స్థలాల్లో, రైళ్లలో, ఆఖరికి టెలిఫోన్‌లో కూడా ఇంగ్లిష్ తప్ప మాట్లాడకూడదని ప్రకటించాడు. 1919లో నెబ్రాస్కాలో ఎనిమిదో తరగతి దాటని పిల్లలకు విదేశీ భాష నేర్పడమే నేరమని చట్టం తెచ్చారు. రాబర్ట్ మేయర్ అనే బడిపంతులు పదేళ్ల పిల్లవాడితో జర్మన్‌లో బైబిల్ చదివించాడని 25 డాలర్లు జరిమానా వేశారు. ఆయన ఒప్పుకోలేదు, సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు, 1923లో గెలిచాడు. టీచర్‌గా బతికినదాన్ని, ఆయన పేరు తలచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది. కానీ ఆ తీర్పు వచ్చేనాటికే ఎన్నో జర్మన్ బడులు, పత్రికలు మూతపడ్డాయి. 2020 జనాభా లెక్కల్లో మాది జర్మన్ మూలం అని రాయించుకున్నవాళ్లు సుమారు నాలుగున్నర కోట్లు, ఇంట్లో ఆ భాష మాట్లాడేవాళ్లు అందులో పిడికెడు.

ఆ పెన్సిల్వేనియాలోనే లాంకాస్టర్ జిల్లా వైపు ఆమిష్ అనే పాతకాలపు పద్ధతుల క్రైస్తవ శాఖ జనం ఉన్నారు, గుర్రబ్బండ్లు, నల్ల టోపీలు, ఫోటోల్లో చూసే ఉంటారు. వాళ్లూ జర్మన్ మాట్లాడే ప్రాంతాల నుంచి దాదాపు ఆ కాలంలోనే వచ్చినవాళ్లే, కానీ ఇప్పటికీ ఇంట్లో పిల్లలతో ఆ మాటే. వాళ్ల బతుకు పద్ధతి అంతా నాకు నచ్చుతుందని చెప్పను, ఎనిమిదో తరగతితో చదువు ఆపేయడం ఏ టీచరూ ఒప్పుకోదు. భాష ఎవరి ఇంట్లో నిలిచింది, ఎవరి ఇంట్లో పోయింది అన్నది మాత్రం అక్కడ ఒకే రోడ్డు మీద కనిపిస్తుంది.

ఇక వెతుక్కోవడం సంగతి. అమెరికాలో లైబ్రరీకి వెళ్తే చాలా చోట్ల వంశచరిత్రలకు వేరే గది ఉంటుంది. నా వయసు వాళ్లు కళ్లజోడు సవరించుకుంటూ ఓడల జాబితాలు, పాత జనాభా లెక్కలు తిరగేస్తూ ఉంటారు. న్యూయార్క్‌లో వలస వచ్చినవాళ్లను నమోదు చేసుకున్న ఎల్లిస్ ఐలాండ్ మీదుగా 1892 నుంచి 1954 దాకా కోటీ ఇరవై లక్షల మంది దిగారు, వాళ్ల మనవలు ఇప్పుడు ఆ పేర్లు వెతుకుతున్నారు. జనాభా లెక్కల కాగితాలు 72 ఏళ్లయ్యాక జనానికి తెరుస్తారు, 1950 నాటివి 2022 ఏప్రిల్ 1న తెరిచారు. పూర్వీకుల కోసం డీఎన్‌ఏ పరీక్ష కిట్లను పండక్కి బహుమతిగా ఇచ్చుకుంటారు, అదే పరీక్ష ఫ్రాన్స్‌లో చేయించుకుంటే 3,750 యూరోల దాకా జరిమానా. ఇదంతా అమెరికన్ల సరదా అని కొట్టిపారేసేవాళ్లు నల్లజాతి కుటుంబాల సంగతి తెలుసుకోవాలి. 1850, 1860 లెక్కల్లో బానిసల జాబితాలు ఉన్నాయి, వాటిలో యజమాని పేరు ఉంటుంది, కింద వయసు, ఆడా మగా, ఒంటి రంగు. మనిషి పేరు లేదు. విముక్తి వచ్చాక 1870 లెక్కల్లో మొదటిసారి వాళ్లందరి పేర్లూ రాశారు, అందుకే చాలా కుటుంబాల వెతుకులాట ఆ ఏడాది దగ్గరికి వచ్చి గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోతుంది. న్యూ ఓర్లీన్స్‌లో సౌత్‌వెస్టర్న్ క్రిస్టియన్ అడ్వకేట్ అనే చర్చి పత్రిక 'తప్పిపోయిన ఆప్తులు' అని ఒక శీర్షిక నడిపింది. యాభై సెంట్లు ఇస్తే ప్రకటన వేసేవాళ్లు, మా అమ్మ పేరు ఇది, అన్నల పేర్లు ఇవి, నన్ను ఫలానా ఆయన ఫలానా ఊరి వాడికి అమ్మాడు, ఎవరికైనా తెలిస్తే రాయండి అని. పాస్టర్లు ఆదివారం చర్చిలో వాటిని గట్టిగా చదివి వినిపించేవాళ్లు. 1879 నుంచి ఇరవై ఏళ్ల పాటు వచ్చిన ఆ ప్రకటనలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. నాలుగు చదివేసరికి నాకు ముందుకు చదవడం కష్టమైంది. అమ్మ పేరు కోసం అంత తపించిన జనానికి పూర్వీకుల సంప్రదాయం లేదని ఎవరైనా ఎలా అనగలరు?

చరిత్ర లేదన్న మాట అమెరికా ఆదివాసుల విషయంలో ఇంకా పెద్ద తప్పు. న్యూమెక్సికోలో తావోస్ ప్యూబ్లో మట్టి ఇళ్లలో సుమారు వెయ్యేళ్లుగా మనుషులు ఉంటూనే ఉన్నారు. సెయింట్ లూయిస్ దగ్గర కహోకియా మట్టిదిబ్బల్లో పెద్దది ముప్పై మీటర్ల ఎత్తు, అది మన కాకతీయుల కాలానికి అటూ ఇటూ వెలిగిన పట్టణం. ఆ సంప్రదాయాలు వాటంతట అవి పోలేదు, పట్టుబట్టి తీసేశారు. పెన్సిల్వేనియా కార్లైల్‌లో 1879లో పెట్టిన బోర్డింగ్ స్కూల్లో ఆదివాసీ పిల్లల జుట్టు కత్తిరించి, భాష మాన్పించి, కొత్త పేర్లు పెట్టారు. అక్కడ చనిపోయిన పిల్లల సమాధులు 180కి పైగా ఉండేవి, కొన్నింటి మీద పేరు కూడా తెలియదని రాసి ఉంది. 2017 నుంచి ఆర్మీ వాళ్లు తవ్వి తీసి, ఎవరి పిల్లల్ని వాళ్ల తెగలకు అప్పగిస్తున్నారు. 2024 అక్టోబర్‌లో అప్పటి అధ్యక్షుడు బైడెన్ ఆ బడుల విషయంలో క్షమాపణ చెప్పారు. 1990లో చేసిన చట్టం ప్రకారం ప్రభుత్వ సొమ్ము తీసుకునే మ్యూజియాలు తమ దగ్గరున్న ఆదివాసుల అస్థికలు, పవిత్ర వస్తువులు లెక్క చెప్పి తిరిగి ఇవ్వాలి. అమలు చాలా నెమ్మదిగా జరిగింది, అయినా చట్టం ఉంది. యూరప్ వైపు చూడండి. మన అమరావతి స్తూపం శిల్పాలు వందకు పైగా లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, చాలావరకు వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి 1845లో తవ్వించినవి, 1859లో ఓడెక్కించినవి. తమ వస్తువులు ఇచ్చేయడానికి 1963 నాటి చట్టం ఒప్పుకోదని ఆ మ్యూజియం అంటుంది. జర్మనీ మాత్రం 2022లో నైజీరియాకు అక్కడి పాత బెనిన్ రాజ్యపు కంచు బొమ్మలు కొన్ని తిరిగి ఇచ్చింది. యూరప్ అంతా ఒక్కటి కాదు, వారసత్వం అనే మాట వాడేటప్పుడు ఎవరి వారసత్వం అని అడగాలి కదా.

కట్టడాల విషయంలో అమెరికా ఆలస్యంగా మేలుకుందన్నది నిజమే. న్యూయార్క్ పెన్ రైల్వే స్టేషన్‌ను 1963లో కూలగొట్టడం మొదలుపెట్టాక జనం కోపం చూసి 1965లో నగరం, 1966లో దేశం పాత కట్టడాలను కాపాడే చట్టాలు చేసుకున్నాయి. కానీ మొదటి అధ్యక్షుడు వాషింగ్టన్ ఇల్లు మౌంట్ వెర్నన్‌ను ప్రభుత్వం కొననంటే 1858లో ఆడవాళ్ల సంఘం ఊరూరా చందాలు వేసుకుని రెండు లక్షల డాలర్లకు కొన్నది. ఈరోజుకీ అది వాళ్ల చేతిలోనే ఉంది.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. మేం పద్మశాలీలం. నా చిన్నప్పుడు కూనపులి వాళ్లు మా ఊరికి వచ్చేవాళ్లు. చేర్యాల నకాషీ చిత్రకారులు గీసిన పొడుగాటి పటం కట్టి, ఒక్కో వరుస విప్పుతూ కర్రతో చూపిస్తూ రాత్రి పొద్దుపోయేదాకా మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు, మా గోత్రాలు చెప్పేవాళ్లు, వాడకట్టంతా చాపలు వేసుకుని కూర్చునేది. ముదిరాజ్‌లకు కాకిపడగల వాళ్లు, గౌడ్‌లకు గౌడజెట్టి వాళ్లు ఇలాగే వచ్చేవాళ్లు. అంటే మనది యూరప్ తీరు. మన మూలాలు గుర్తుపెట్టుకునే పని ఊళ్లో ఇంకెవరో చేసేవాళ్లు, మనం వాళ్లకు బియ్యమో బట్టో ఇచ్చి నిశ్చింతగా ఉన్నాం. ఇప్పుడు వాళ్లూ రావడం తగ్గింది, ఊళ్లో మనమూ లేం, పిల్లలు బతికేదేమో అమెరికా తీరు బతుకు. పైగా మనకు చర్చి రిజిస్టర్లలాంటివి లేవు. మా తరంలో సగం మంది పుట్టినరోజులు బడిలో చేర్చుకున్న పంతులు గారు వేసిన తేదీలే. పిట్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరస్వామి గుడి 1970లలోనే కట్టుకున్నాం, వారాంతాల్లో మనబడికి పిల్లల్ని పంపి తెలుగు నేర్పిస్తున్నాం, చాలా సంతోషం. కానీ గుడి అందరిదీ. మన ముత్తవ్వ పేరు మన ఇంట్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా దొరకదు. మా మనవరాలికి అక్కడి బడిలో ఫ్యామిలీ ట్రీ గీసుకురమ్మన్నారు. మగవాళ్ల పేర్లు నాలుగు తరాల దాకా వచ్చాయి, మా నానమ్మ అత్తగారి దగ్గర ఆగిపోయింది. అందరూ అవ్వా అనే పిలిచారు, పేరేంటో మా అన్నకూ తెలీదు, మా మేనత్త కూతురికీ తెలీదు. పాప ఆ గడిలో ఏమీ రాయకుండా పట్టుకెళ్లింది.

అందుకని మీకు రెండు మనవులు. పటం కథలు చెప్పేవాళ్లు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు, వాళ్లు పూర్తి కథను, గోత్రాల వరుసలతో సహా చెబుతుండగా రికార్డు చేయించమని ప్రభుత్వాన్ని మీ పత్రిక తరఫున గట్టిగా అడగండి, ఒక పాట ముక్క వీడియో తీసి సన్మానం చేసి పంపిస్తే సరిపోదు. రెండోది, ఆ న్యూ ఓర్లీన్స్ పత్రిక చేసినట్టు వారానికోసారి ఒక మూల కొంచెం చోటు ఇవ్వండి. మన దగ్గర కూడా బంధువులు తప్పిపోయిన కుటుంబాలు లెక్కలేనన్ని. మగ్గాలు ఆడక షోలాపూర్, భివండి, సూరత్ వెళ్లినవాళ్లు, బొగ్గుబాయి పనికి వెళ్లినవాళ్లు, దుబాయ్ వెళ్లి అటే ఉండిపోయినవాళ్లు, ఇంటిపేరు, గోత్రం, ఊరు, తెలిసిన పేర్లు రాస్తే చాలు. మీరు ఆ శీర్షిక మొదలుపెడితే మొదటి ఉత్తరం నాదే. మా తాత తమ్ముడు మిల్లు పని కోసం షోలాపూర్ వెళ్లి, అక్కడి నుంచి భార్యాపిల్లలతో భివండి వెళ్లాడని మాత్రమే మాకు తెలుసు, ఆ తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి. ఆ ముత్తవ్వ ఆఖరి రోజుల్లో ఆయన దగ్గరే ఉందని మా నాన్న చెప్పేవాడు. ఆ ఇంట్లో ఎవరికైనా ఆమె పేరు తెలిసే ఉంటుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
హనుమకొండ